నఫ్స్ ఖాతా: సూఫీ పెద్దలు నేర్పిన చదువు

తసవ్వుఫ్ అనే మాట చెవిన పడగానే మన ఇళ్లలో రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తాయి. కొందరి దృష్టిలో తసవ్వుఫ్ అంటే దర్గా, సందల్, ఉర్సు, ఖవ్వాలీ. మరికొందరి దృష్టిలో అది ధర్మంలోకి తర్వాత వచ్చి చేరిన వ్యవహారం, కనుక దాని జోలికే పోరాదు. ఈ వాదోపవాదాల మధ్య ఒక ముఖ్య విషయం మరుగున పడిపోయింది. తొలి తరాల సూఫీ పెద్దలు ప్రధానంగా విద్య నేర్పినవారు. మనిషి తన మనసును తాను ఎలా చదువుకోవాలన్నదే వారు నేర్పిన విద్య. ఆ చదువు ఎలా సాగేదో, దాన్ని మన ఇంట్లో, మన అంగడిలో ఎలా ఆచరించవచ్చో ఈ పాఠంలో చూద్దాం.

ఇంత చదువు ఉండగా మళ్లీ ఈ చదువెందుకని ఎవరైనా అడగవచ్చు. నిజమే, మన ప్రాంతంలో చదువుకు కొదవ లేదు. బందరులో 2008 నుంచి విశ్వవిద్యాలయమే ఉంది. బడులున్నాయి, మదర్సాలున్నాయి. అయినా ఒక చిన్న మాట పట్టుకుని అన్నదమ్ములు ఏళ్ల తరబడి పలకరింపులు మానేస్తున్నారు. మస్జిదులో మొదటి వరుసలో నిలబడే వ్యక్తి తరాజు దగ్గరకు వచ్చేసరికి వేరే మనిషైపోతున్నాడు. తెలియక కాదు. తూకంలో తగ్గించడం ఎంత ఘోరమో ముతఫ్ఫిఫీన్ సూరా చదివిన ప్రతివానికీ తెలుసు. తెలిసినది లోపలికి దిగలేదు, అంతే. తెలియడానికీ, లోపలికి దిగడానికీ మధ్య ఉన్న ఈ దూరం మీదనే సూఫీ పెద్దలు జీవితమంతా పనిచేశారు.

దీనికి మూలం దివ్యఖుర్ఆన్‌లోనే ఉంది. దైవప్రవక్త (స) బాధ్యతలను జుముఆ సూరా వివరిస్తూ, వాక్యాలు చదివి వినిపించడం, గ్రంథాన్నీ వివేకాన్నీ బోధించడంతో పాటు మనుషులను పరిశుద్ధపరచడాన్ని కూడా పేర్కొంది. ఈ పరిశుద్ధతనే తజ్కియా అంటారు. షమ్స్ సూరా సాఫల్యాన్ని దీనితోనే ముడిపెట్టింది. హజ్రత్ జిబ్రీల్ (అలై) మనిషి రూపంలో వచ్చి ప్రశ్నలడిగిన ప్రసిద్ధ హదీసులో ఇస్లాం, ఈమాన్‌ల తర్వాత ఇహ్సాన్ ప్రస్తావన వస్తుంది. సూఫీ పెద్దలు తమ విద్యను ఆ ఇహ్సాన్ పాఠానికి వివరణగానే భావించారు.

ఇక్కడ ఒక మాట. తన్ను తాను తెలుసుకున్నవాడు తన ప్రభువును తెలుసుకుంటాడన్న అర్థం వచ్చే అరబీ వాక్యాన్ని మన ఉపన్యాసాల్లో తరచూ హదీసుగా వినిపిస్తుంటారు. హదీసు పండితులు దాన్ని ప్రవక్త (స) వాక్కుగా అంగీకరించలేదు. అది యహ్యా బిన్ ముఆజ్ రాజీ (రహ్మ) అనే సూఫీ పెద్ద చెప్పిన మాటగా వారు పేర్కొన్నారు. మాటలోని అర్థం మంచిదే. కాని దాన్ని ప్రవక్త (స)కు అంటగట్టకుండా ఉండడం కూడా ఆత్మశుద్ధిలో భాగమేనని మేము భావిస్తాం.

పేర్లలోనే వృత్తులు

సూఫీలంటే లోకాన్ని వదిలి అడవులు పట్టినవారని అనుకోవడం పొరపాటు. వారి పేర్లు చూడండి. బగ్దాదుకు చెందిన సరీ సఖతీ (రహ్మ) బజారులో చిల్లర సామాను అమ్మేవారు. ఆయన పేరు చివర ఉన్న ‘సఖతీ’ ఆ వ్యాపారాన్నే సూచిస్తుంది. ఆయన మేనల్లుడు, క్రీ.శ. 910లో మరణించిన హజ్రత్ జునైద్ బగ్దాదీ (రహ్మ) పట్టు వ్యాపారి. నైషాపూరుకు చెందిన అబూ హఫ్స్ (రహ్మ) పేరు చివర ‘హద్దాద్’ అని ఉంటుంది, అంటే కమ్మరి. అదే ఊరివారైన హమ్దూన్ (రహ్మ) పేరు చివర ‘ఖస్సార్’ అంటే బట్టలు చలువ చేసేవాడని అర్థం. ‘హల్లాజ్’ అంటే దూది ఏకేవాడు. మన జిల్లాల్లోని దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల వారు ఈ పేరు విన్నప్పుడు తమ తాతల వృత్తి గుర్తు తెచ్చుకోవచ్చు. 922లో బగ్దాదులో మరణశిక్షకు గురైన మన్సూర్ హల్లాజ్ మాటలపై పండితుల్లో నేటికీ భేదాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఇక్కడ అనవసరం.

ఈ పేర్లను బట్టి మనకు తెలిసేదేమంటే, వారి బడి బజారులోనే ఉండేది. సరుకు తూచేటప్పుడు, బేరం కుదరనప్పుడు, అప్పు తీసుకున్నవాడు ముఖం చాటేసినప్పుడు లోపల ఏం లేస్తోందో గమనించడమే వారి పాఠం. ఖాన్‌ఖాలో (సూఫీల ఆశ్రమంలో) కూర్చున్నవానికి కోపం ఎలా తెలుస్తుంది? కోపం తెలియాలంటే గిరాకీ కావాలి, పొరుగువారు కావాలి, ఇంట్లో పిల్లలు కావాలి.

బుఖారా ప్రాంతంలో 1318 నుంచి 1389 వరకు జీవించిన ఖ్వాజా బహావుద్దీన్ నఖ్ష్‌బంద్ (రహ్మ) పరంపరలో ఈ విషయానికి ఒక నియమమే ఏర్పడింది. జనసమూహం మధ్యలో ఉంటూనే మనసును దైవంతో ఏకాంతంగా నిలపాలన్నదే ఆ నియమం. మరో నియమం ప్రకారం, గడచిన సమయం స్మరణలో పోయిందా, ఏమరుపాటులో పోయిందా అని మనిషి మాటిమాటికీ చూసుకోవాలి. నఖ్ష్ అంటే చిత్రం, ముద్ర. బట్ట మీద చిత్రాలు తీర్చే వృత్తి వల్ల ఆ పేరు వచ్చిందని కొందరు, దైవనామాన్ని హృదయంపై ముద్రించడం వల్ల వచ్చిందని మరికొందరు వివరించారు.

ఈ రెండు వివరణలూ పెడన వారికి వెంటనే అర్థమవుతాయి. బందరు కలంకారీగా లోకానికి తెలిసిన అద్దకం ఈనాటికీ ఎక్కువగా సాగేది పెడనలోనే. అద్దేవారు తెచ్చిన బట్ట మీద వెంటనే అచ్చు వేయరు. ముందు బట్టలోని గంజి పూర్తిగా పోవాలి. తర్వాత కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రావణంలో ముంచి ఎండబెట్టాలి. గంజి మిగిలిన చోట రంగు పట్టదు. పట్టినట్లు కనిపించినా నిలవదు. సూఫీ పెద్దలు ఆత్మశుద్ధిని ఇదే క్రమంలో చెప్పారు. మొదట తఖ్లియా, అంటే అసూయ, గర్వం, ప్రదర్శనాబుద్ధి వంటి వాటిని లోపలి నుంచి ఖాళీ చేయడం. ఆ తర్వాత తహ్లియా, అంటే సహనం, కృతజ్ఞత, చిత్తశుద్ధి వంటి గుణాలతో అలంకరించడం. మనలో చాలామంది మొదటిది వదిలేసి రెండో దానితో మొదలుపెడతారు. తస్బీహు పెరుగుతుంది, నఫిల్ నమాజులు పెరుగుతాయి, వాటితో పాటే పక్కవాణ్ణి చిన్నచూపు చూడడం కూడా పెరుగుతుంది.

అద్దకంలో ఇంకొక సంగతి ఉంది. ఎరుపు రావలసిన చోట మొదట అద్దేది పటిక. అప్పుడు అక్కడ ఎరుపు కనిపించదు. కాలువ నీటిలో ఉతికి, రంగునిచ్చే వేళ్లతో కాగులో మరిగించాకే పటిక పడిన చోట ఎరుపు తేలుతుంది. మనసులో వేసుకున్న సంకల్పం నిజమైనదా కాదా అన్నది కూడా అలాగే ఏదో ఒక వేడి తగిలినప్పుడే తేలుతుంది.

దొంగల నాయకుడు చెప్పిన పాఠం

ఈ విద్యను అందరికీ అర్థమయ్యేలా క్రమబద్ధం చేసినవారు ఇమామ్ గజాలీ (రహ్మ). ఆయన 1058లో తూస్ పట్టణంలో జన్మించి 1111లో అక్కడే మరణించారు. యువకునిగా చదువు ముగించుకుని తిరిగి వస్తుండగా దారిలో దొంగలు దోచుకున్నారని చరిత్రకారులు రాశారు. తన పాఠాల కాగితాల సంచి మాత్రం ఇచ్చేయమని, తన చదువంతా అందులోనే ఉందని ఆయన బతిమాలారు. దొంగల నాయకుడు నవ్వి, కాగితాలు పోతే పోయేది చదువెలా అవుతుందని అడిగి, సంచి తిరిగి ఇప్పించాడు. ఆ మాట తగిలి గజాలీ (రహ్మ) మూడేళ్ల పాటు ఆ పాఠాలన్నీ కంఠస్థం చేశారు.

కాని కంఠస్థం చేయడంతో కూడా పని పూర్తి కాలేదు. 1091లో ఆయన బగ్దాదులోని నిజామియా విద్యాలయంలో ప్రధాన ఆచార్యులయ్యారు. వందలాది విద్యార్థులు, రాజదర్బారులో గౌరవం. 1095లో ఒకనాడు పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. ఆహారం లోపలికి పోలేదు. రోగం మనసులో ఉందని, తమ చేతిలో లేదని వైద్యులు తేల్చారు. తాను పాఠాలు చెబుతున్నది అల్లాహ్ ప్రసన్నత కోసం కాదని, పేరు కోసమని ఆయన గుర్తించి, పదవి వదిలి బయలుదేరారు. కుటుంబానికి జరుగుబాటు ఏర్పాటు చేశాకే వెళ్లారన్నది గమనార్హం. ఆ తర్వాత సంవత్సరాల్లో రాసినదే ‘ఇహ్యా ఉలూమిద్దీన్’.

ఆ గ్రంథంలో ఆత్మపరిశీలనను ఆయన వ్యాపార పరిభాషలో వివరించారు. రేవుపట్నం వారికి ఈ పరిభాష బాగా పరిచయమే. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు ముఖ్య రేవుగా బందరు నుంచి పర్షియా, అరేబియా తీరాలకు ఓడలు నడిచేవి. సరుకు పరదేశం పంపే వ్యాపారి ముందుగా భాగస్వామితో షరతులు మాట్లాడుకుంటాడు. తర్వాత కనిపెట్టి ఉంటాడు. సరుకు అమ్ముడయ్యాక లెక్క అడుగుతాడు. గజాలీ (రహ్మ) ప్రకారం మన బుద్ధి ఆ వ్యాపారి. నఫ్స్ భాగస్వామి. ఫర్జులు అసలు మొత్తం, నఫిల్ ఆరాధనలు లాభం, పాపాలు నష్టం. రోజంతా వ్యాపార కాలం.

తెల్లవారి ఫజ్ర్ తర్వాత నఫ్స్‌తో ఒప్పందం చేసుకోవాలి. ఈ రోజు నాలుకను ఎలా వాడాలి, కళ్లను ఎక్కడ ఆపాలి అని. దీనికి ముషారత అని పేరు. పగలంతా గమనిస్తూ ఉండడం మురాఖబ. రాత్రి కూర్చుని లెక్క చూడడం ముహాసబ. లోటు కనిపిస్తే జరిమానా వేయడం ముఆఖబ. ఆ తర్వాత నఫ్స్‌ను అదనపు శ్రమకు గురిచేయడం, మందలించడం. ప్రళయదినాన లెక్క అడగక ముందే ఎవరి లెక్క వారు చూసుకోవాలని హజ్రత్ ఉమర్ (రజి) బోధించేవారు. ‘ముహాసిబీ’ అనే పేరుతోనే ప్రసిద్ధులైన హారిస్ (రహ్మ) గజాలీ కంటే రెండున్నర శతాబ్దాల ముందే ఈ లెక్క గురించి గ్రంథాలు రాశారు.

జరిమానా అనగానే ఒంటిని హింసించుకోవడం అనుకోరాదు. ఒంటికీ మన మీద హక్కుంది, ఇల్లాలికీ హక్కుందని ప్రవక్త (స) హెచ్చరించారు. పరోక్షంగా ఒకరిని నిందించిన రోజున కొంత సదఖా ఇవ్వడం, ఆ వ్యక్తి మేలు కోసం దుఆ చేయడం చాలు. మొదట్లో ఒకే ఒక గుణాన్ని పట్టుకోవడం మంచిది. పది గుణాల లెక్క ఒకేసారి మొదలుపెట్టినవారు వారం తిరగకుండా వదిలేయడం మనం చూస్తూనే ఉన్నాం.

తన తప్పు తనకెలా తెలుస్తుంది?

అసలు కష్టం ఇక్కడే ఉంది. లెక్క రాసేవాడూ తప్పు చేసినవాడూ ఒకరే. అందుకే గజాలీ (రహ్మ) నాలుగు మార్గాలు చూపించారు. జ్ఞానం గల గురువు చెప్పడం మొదటిది. నిజం చెప్పే స్నేహితుడు రెండవది. కపటుల పేర్లు ప్రవక్త (స) హజ్రత్ హుజైఫా (రజి)కు తెలియజేశారని విని, వాటిలో తన పేరుందా అని హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారే అడిగారు. మూడవది శత్రువు. మనల్ని ద్వేషించేవాని కన్ను మన లోపాలనే వెతుకుతుంది. కనుక అతని తిట్లలో కోపం పోగా మిగిలినదాన్ని ఏరుకోవాలి. ఇతరులలో ఏ లోపం చూసి మనం అసహ్యించుకుంటామో అది మనలో ఉందేమో వెతకడం నాలుగవది.

మా అభిప్రాయంలో నేటి కుటుంబాలకు వీటిలో ఎక్కువగా పనికొచ్చేది రెండవది. ఆ నిజాయితీ గల స్నేహితుడు మన ఇంట్లోనే ఉంటాడు, భార్య రూపంలో లేదా భర్త రూపంలో. కాని అడిగే అలవాటు లేదు. అడిగినా, జవాబు వినగానే ఎదురు లెక్క విప్పుతాం.

మొదటి మార్గం గురించి ఒక హెచ్చరిక. గురువు అవసరమే. కాని నమాజు తనకు వర్తించదనేవాడు, స్త్రీలను ఒంటరిగా కలిసేవాడు, తాయెత్తుకు ధర చెప్పేవాడు ఈ విద్యకు గురువు కాజాలడు. తమ మార్గమంతా ఖుర్ఆన్, సున్నత్‌లకు కట్టుబడినదని జునైద్ (రహ్మ) స్పష్టంగా ప్రకటించారు. ఆ కొలమానంతో కొలిస్తే చాలామంది నిలవరు. బందరు రోల్డ్‌గోల్డ్ చేసేవారు తమ సరుకును పూత సరుకని చెప్పే అమ్ముతారు. వీరు ఆ మాటైనా చెప్పరు.

ఇల్లు చూసుకునే స్త్రీలకు ఈ చదువుకు తీరిక ఎక్కడిదని అనవచ్చు. దక్కనులో దీనికి ఒక చక్కని ఉదాహరణ ఉంది. బీజాపూరు సూఫీలు, వారి శిష్యులు స్త్రీల కోసం దక్కనీ భాషలో చక్కీనామాలు, చర్ఖానామాలు కట్టారు. తిరగలి విసురుతూ, రాట్నం వడుకుతూ పాడుకునే పాటలవి. తిరగలి పిడి, ఇరుసు వంటి భాగాలనే దైవస్మరణకు గుర్తులుగా మలిచారు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1978లో ప్రచురించిన పరిశోధనలో ఈ పాటలను చర్చిస్తూ, దక్కను పల్లెల్లో ఇస్లాం భావాలు ఇళ్లలోకి చేరడంలో వీటికి పెద్ద పాత్ర ఉందన్నారు. చదవడం రాయడం రాని తల్లి కూడా ఈ బడిలో విద్యార్థే. ఆమె నుంచి ఒడిలోని బిడ్డకు చేరేది. నేడు తిరగలి స్థానంలో మిక్సీ వచ్చింది. దాని రొదలో పాట సాధ్యం కాదు గాని, కూర తరుగుతున్నంతసేపు ఉదయం చేసుకున్న ఒప్పందాన్ని గుర్తు చేసుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇషా నమాజు తర్వాత పడుకునే ముందు పావుగంట చాలు. ఫోను పక్కన పెట్టి, ఉదయం ఫజ్ర్ నుంచి జరిగినవి వరుసగా తలచుకోవాలి. కనిపించిన మంచికి అల్హమ్దులిల్లాహ్ అనుకోవాలి. తప్పుకు తౌబా చేయాలి. ఎవరి హక్కయినా మన దగ్గర ఉండిపోతే తౌబా ఒక్కటే సరిపోదు. తూకంలో తగ్గిన సరుకు, ఎగ్గొట్టిన కూలి మరుసటి రోజు తిరిగి చెల్లించాలి. లెక్కను కొందరు పుస్తకంలో రాసుకుంటారు, కొందరు మనసులోనే చూసుకుంటారు. రాసుకునేవారు ఆ పుస్తకాన్ని ఎవరికీ చూపకుండా దాచుకోవాలి. చూపితే దాని కోసం ఇంకొక లెక్క రాయవలసి వస్తుంది.