పాత కారు అమ్మువాని తూనికరాయి

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 23, నిర్గమకాండము 21:28–29, లేవీయకాండము 19:35–36, సామెతలు 20:14, లూకా 10:25–37.



సామెతలు 20:14లో జ్ఞాని కొనువాని తీరును ఎంత చక్కగా కనిపెట్టెనో చూడుడి. సరుకు ఎదుట నున్నంతసేపు అది పనికిమాలినదని పెదవి విరచును. ఇంటికి తోలుకొని పోయిన పిమ్మట ఎంత చవుకగా దొరికెనని పొగడుకొనును. మన పడమటి మండలముల పశువుల సంతలలో నిలువబడినవారికి ఈ మాటకు వ్యాఖ్యాన మక్కరలేదు. అయితే అదే సంతలో అమ్మువాడు ఏమి చేయునో ఆ వచనములో లేదు. ముసలి ఎద్దు కొమ్ములు చెక్కి నూనె రాచుట, బక్క ఆవుకు తెల్లవారుజామున కడుపునిండ నీళ్లు పట్టించుట, తువ్వాలు క్రింద దళారి వేళ్లు పట్టుకొని ధర తేల్చుట, ఇవన్నియు మన మెరిగినవే. అమ్మువానికి చెందిన ఆజ్ఞ లేవీయకాండము 19లో నున్నది. త్రాసును, గుండ్లను, కొలపాత్రను నిజముగా నుంచవలెనని దేవుడు ఇశ్రాయేలీయులతో చెప్పెను.

కాని త్రాసులో పెట్టరాని సరుకులు చాల కలవు. అట్టిదానిని అమ్మునప్పుడు ఆ ఆజ్ఞ ఎట్లు నెరవేరును? ఈ నెల పాఠమునకు ఒక పాత కారును తీసికొందము.

మన సంఘములోని ఒక కుటుంబము వారు ఈ మధ్య నన్ను సలహా అడిగిరి. వారి తాతగారు మదరాసులో ఉద్యోగము చేసి, విరమించి వచ్చునప్పుడు తెచ్చుకొన్న కారు ముప్పది యేండ్లుగా కొట్టములో పడియున్నది. దానికి ఇనుప కప్పు లేదు. ఎండవానలకు గుడ్డటాపు ఎత్తుకొనవలెను, చల్లని పూట వెనుకకు మడుచుకొనవలెను. ఇప్పుడు ఆ టాపు చిరిగి వ్రేలాడుచున్నది, చక్రములు నేలలోనికి దిగినవి. బెంగుళూరు నుండి యొకరు కొనుటకు వత్తుమని కబురు పంపిరట. ఊరి మెకానిక్కు, ముందుగా టింకరింగు చేయించి, పుట్టీ పెట్టి, ఎర్రరంగు కొట్టించిన యెడల ధర రెట్టింపగునని చెప్పెను. పెద్ద కుమారునికి ఆ మాట నచ్చెను. "అందరూ చేసేదే కదా అయ్యగారూ" అని అతడనెను. అవ్వ మాత్రము ఒప్పుకొనలేదు. "ఆయన ఉన్నప్పుడు వానకాలంలో బండి కింద నీళ్లు నిలిస్తే రాత్రిపూట లేచి ఎత్తిపోసేవాడు. అయినా అడుగంతా పుచ్చిపోయిందని నాకు తెలుసు. వచ్చేవాళ్లకు చెప్పొద్దా?" అని ఆమె అడిగెను.

ఇట్టి టాపు కార్లు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. తొలినాళ్ల మోటారు బండ్లు చాలవరకు కప్పు లేనివే. చిత్తూరునకు దక్షిణముగా నున్న వేలూరులో డాక్టర్ ఐడా స్కడ్డరు గారికి 1909లో ఒకే సిలిండరు గల పెజో కారు వచ్చెను. అంతవరకు ఎద్దుబండిలో పోయి దారిప్రక్క రోగులను చూచిన ఆమె, ఆ మీదట దానిలో గుడియాత్తము రోడ్డున పోవుచుండిరి. దానిని చూచి దయ్యము వచ్చుచున్నదని జనులు పరుగెత్తిరని పెద్దలు చెప్పుదురు.

మనవారి కారు అంత పాతది కాదు. అది స్టాండర్డు హెరాల్డు. ఇంగ్లాండులో ట్రయంఫ్ వారు 1959లో బయటికి తెచ్చిన ఈ కారును, 1961 నుండి మదరాసు దగ్గర వండలూరులో స్టాండర్డు మోటార్ ప్రోడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు తయారుచేసిరి. అప్పటికి చాల కార్లకు ఒళ్లంతయు ఒకే పెట్టెగా అతికి వచ్చుచుండగా, హెరాల్డునకు మాత్రము క్రింద వేరుగా ఛాసీ యుండి, దానిపై ఒంటిభాగములు బోల్టులతో బిగింపబడి యుండెను. కప్పును సైతము విప్పివేయవచ్చును. ఇది మన పాఠమునకు ముఖ్యము. కప్పు విప్పదగినది గనుక, మూసిన హెరాల్డును టాపు కారుగా మార్చుట ఒక షెడ్డులో జరుగదగిన పని. రెండును దూరమునుండి ఒక్కటిగానే కనబడును. ధరలో మాత్రము ఒక్కటి కావు. తాతగారు కొన్నప్పటికే ఆ కారు టాపు కారు. అది ఫ్యాక్టరీలో అట్లు పుట్టినదో, ఎవరైన తరువాత మార్చినదో ఇంటిలో ఎవరికిని తెలియదు. తెలియనప్పుడు "ఫ్యాక్టరీ టాపు కారు" అని చెప్పి అమ్ముట దొంగగుండుతో తూచుటయే. "మాకు తెలియదు, నంబరు పలకను, కాగితములను మీరే చూచుకొనుడి" అనుట నిజమైన గుండు.

పుట్టీ సంగతి చూతము. మూసిన కారునకు ఇంటికి దూలమువలె కప్పు బలమిచ్చును. టాపు కారునకు ఆ దూలము లేదు. బలమంతయు అడుగునుండి రావలెను. అడుగున నీరు నిలిచి తుప్పు పట్టినయెడల బండి నడుమ క్రుంగును. తలుపు మూసి చూడుడి: సందు పైన బిగిసి క్రింద వదులుగా నున్నచో నడుము విరిగినదని గురుతు. హెరాల్డులోనైతే ఛాసీకి ఇరుప్రక్కల చాచియుండు ఇనుపచేతులు మొదట పుచ్చును. చాప ఎత్తి, తలుపు క్రింది గడపను, డిక్కీ అడుగును తట్టి చూడవలెను. తుప్పురంధ్రములో పుట్టీ నింపి రంగు వేసిన చోట అయస్కాంతము అంటుకొనదు. వచ్చెడి కొనుగోలుదారు జేబులో అయస్కాంతము తెచ్చుకొనుట మామూలే. పాత కార్లను ప్రేమించి బాగుచేయించువారు క్రొత్తరంగును చూచి మురియరు, దాని క్రింద ఏమున్నదోయని అనుమానింతురు. ఆ రంగంతయు గీకి మరల మొదలుపెట్టవలెను గనుక. అందుచేత మెకానిక్కు చెప్పిన లెక్క లోకరీతిగా కూడ సరికాదని నా తలంపు. అది సరియైన లెక్కయైనను మన జవాబు మారదు.

కడిగి, బూజు దులిపి, ఊడిన దీపములను, బ్యాడ్జీలను, టాపు కమ్మీలను ఒక పెట్టెలో వేసి చూపుటలో తప్పేమియు లేదు. ఆ చిన్న వస్తువులను పాత ఇనుపవానికి వేసివేయకుడి. బాగుచేయువానికి అవి దొరకుట కష్టము. ఇంజను "స్టార్టు చేస్తే నడుచును" అని మాత్రము అనవద్దు. ముప్పది యేండ్లు కదలని ఇంజనులో పిస్టను రింగులు సిలిండరునకు తుప్పుతో పట్టియుండును. ప్లగ్గుల రంధ్రములలో నూనె పోసి, కొన్ని దినములు నాననిచ్చి, చేతితో మెల్లగా త్రిప్పి చూడవలసిన దానిని, బ్యాటరీ పెట్టి స్టార్టరుతో లాగించినచో విరిగిపోవచ్చును.

బ్రేకుల మాట వేరు. సిలిండరులు తుప్పుపట్టి, రబ్బరు గట్టిపడిన బ్రేకు ఒకసారి పట్టి రెండవసారి పట్టకపోవచ్చును. నిర్గమకాండము 21లో పొడుచు ఎద్దును గూర్చి చదువుడి. ఎద్దు పొడుచునని యజమానికి ముందే తెలిసియు కట్టివేయనిచో, చచ్చినవాని రక్తము అతని మీదనే. ఈ బండిని లారీ మీద ఎక్కించి తీసికొనిపోవుడి, తోలుకొనిపోవద్దు అని కొనువానితో గట్టిగా చెప్పుట మర్యాద కాదు, బాధ్యత.

లోకపు చట్టము ఏమనునో కూడ తెలిసికొనుట మంచిది. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టములో 17వ సెక్షను మోసమునకు అర్థము చెప్పుచున్నది. తెలిసిన సంగతిని పనిగట్టుకొని కప్పిపుచ్చుట మోసమే. కనుక పుట్టీ వ్యవహారము అక్కడనే తేలిపోయెను. ఊరకుండుట మాత్రము, మామూలుగా మోసము కాదట. దీనికి వారు గుఱ్ఱము ఉదాహరణలు వ్రాసిరి. ఒకడు తన గుఱ్ఱమునకు లోపమున్నదని యెరిగియు వేలములో అమ్మి, ఏమియు చెప్పలేదు. అది మోసము కాదు. అదే గుఱ్ఱమును కొనునది అతని సొంత కూతురై, ఇప్పుడే మేజరైన పిల్లయైనయెడల, చెప్పుట తండ్రి విధి. మరియొకచోట కొనువాడు, నీవు కాదనకున్న గుఱ్ఱము మంచిదేయని యెంచుకొందునని అనెను, అమ్మువాడు పలుకలేదు. ఆ మౌనము మాటతో సమానము.

ఈ మూడు ఉదాహరణలు చదివి వెంటనే లూకా 10వ అధ్యాయము తెరువుడి. ధర్మశాస్త్ర మెరిగినవాడు ప్రభువును అడిగినది ఇదే. ఎవరివరకు నా విధి? ఎక్కడ గీత గీయవలెను? చట్టము చేసినవారు కూతురి దగ్గర గీత గీసిరి. వారిని నేను తప్పుపట్టుట లేదు, న్యాయస్థానమునకు ఏదో ఒక గీత కావలెను. కాని ప్రభువు గీత చూపలేదు. దారిలో పడియున్న పరాయివాని దగ్గర ఆగిన సమరయుని చూపెను. బెంగుళూరు వాడు మన కూతురు కాడు, మన కులము కాడు, మన సంఘము కాడు. కూతురికి చెప్పుదునను మాటను అతనికి చెప్పకుండుటకు ఈ అధ్యాయము చదివినవానికి కారణము దొరకదు.

మరియొక దొంగగుండు కలదు. అది కథ. "ఇది మిషను దొరగారి కారు", "ఇది కార్వేటినగరము రాజావారి కారు" అని కాగితము లేకుండ చెప్పిన మాట ధరను పెంచును. పాత వస్తువు కొనువాడు ఇనుముతోబాటు జ్ఞాపకమును కొనును గనుక, అబద్ధపు జ్ఞాపకము అమ్ముట నీళ్లు కలిపిన పాలు అమ్ముటవంటిది. తాతగారు మదరాసులో జీతము కూడబెట్టి కొన్న కారు అనునదే మంచి కథ.

ఇక కాగితములు. ఆదికాండము 23లో అబ్రాహాము మక్పేలా పొలము కొన్న విధమును చూడుడి. ఎఫ్రోను మొదట ఊరకనే ఇత్తుననెను. అబ్రాహాము ఒప్పుకొనక, ఊరి గవినియొద్ద అందరి యెదుట నాలుగు వందల తులముల వెండి తూచి యిచ్చెను. పొలము, గుహ, సరిహద్దులలోని చెట్లు, ఏవేవి అమ్మబడెనో అన్నియు చెప్పబడెను. మన రసీదు అట్లుండవలెను: ఛాసీ నంబరు, ఇంజను నంబరు, పెట్టెలోని దీపములు, స్టెపినీ, టాపు కమ్మీలు; వాటి క్రింద మనకు తెలిసిన లోపములు, మనకు తెలియని సంగతులు; ఇరువురి సంతకములు, సాక్షులు.

అమ్ముటకు ముందు కారు ఎవరిదో తేలవలెను. తాతగారు వీలునామా వ్రాయలేదు. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము అటువంటప్పుడు భార్యకు మూడవ వంతు, మిగిలినది కుమారులకు కుమార్తెలకు సమానముగా చెందును. కాబట్టి పలమనేరులో నున్న కూతురిని అడుగకుండ పెద్ద కుమారుడు బేరమాడరాదు. సెలోపెహాదు కుమార్తెల సంగతి మరువకుడి. చనిపోయినవారి పేరుననున్న బండిని ముందు వారసుల పేరునకు మార్పించుకొనుటకు ఫారము 31 కలదు. అమ్మిన తరువాత ఫారములు 29, 30 ఇచ్చి పేరు మార్పించవలెను. మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను చొప్పున అమ్మినవాడు అదే రాష్ట్రములోని బండియైతే 14 దినములలో, వేరు రాష్ట్రముదైతే నిరభ్యంతర పత్రముతో 45 దినములలో తెలియజేయవలెను. కొన్నవానికి 30 దినములు. డబ్బు చేతికి వచ్చినది గదా, మిగిలినది వాడు చూచుకొనునని వదలివేయకుడి. చేతులు మారిమారి పోయిన ఒక కారు 2009లో ప్రమాదము చేయగా, ఆర్.సి. పుస్తకము మొదట అమ్మినవాని పేరుననే యుండెను. నష్టపరిహార బాధ్యత అతనిదేయని 2018లో సుప్రీము కోర్టు తీర్పుచెప్పెను.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పాతకాలపు వాహనములకు వేరు నిబంధనలు చేసినది. మొదటి రిజిస్ట్రేషనునుండి 50 సంవత్సరములు దాటి, ఛాసీ, ఒళ్లు, ఇంజను పెద్దగా మార్చబడక తొలిరూపములో నున్న బండిని వింటేజి బండిగా నమోదు చేయించుకొనవచ్చును. క్రొత్త నమోదునకు 20,000 రూపాయలు, మరల నమోదునకు 5,000. అది పది సంవత్సరములు చెల్లును. అట్టి బండిని నిత్యము రోడ్డున తిప్పరాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు పోవచ్చును. నమోదైన బండి అమ్మబడిన యెడల ఇరుపక్షములవారు 90 దినములలో తెలియజేయవలెను. పైన కప్పు మార్చిన హెరాల్డు సంగతి చెప్పితిని గదా. ఆ మార్పును దాచి అమ్మినచో, కొన్నవాడు ఈ నమోదు ఆశతో పెట్టిన ఖర్చంతయు పోవచ్చును.

ఆదివారపు సాయంకాల కూటములో మాటలాడుకొనుటకు రెండు ప్రశ్నలు ఇచ్చుచున్నాను. మొదటిది పశువులున్నవారికి: పాలు తగ్గిన ఆవును సంతకు తోలునప్పుడు, ఈడు, ఈత, లోపము ఎవరును అడుగకముందే చెప్పినవాడు మన ఊరిలో ఉన్నాడా, ఉన్నయెడల అతనికి ఎంత తక్కువ పలికెను? రెండవది కష్టమైనది. కొనవచ్చినవాడు కార్ల సంగతి మనకంటె బాగుగా ఎరిగినవాడై, ఏమియు అడుగక, లోపముల కాగితము చదువనక్కరలేదని నవ్వి, డబ్బు బల్లమీద పెట్టిన యెడల, దానిని అతనికి చదివి వినిపించిన పిమ్మటనే డబ్బు తీసికొనవలెనా, లేక కాగితము అతని చేతిలో పెట్టిన చాలునా?