తెరమీది పాఠములు

సిరిసిల్లలో అడుగిడినవారికి మొదట వినవచ్చునది సాంచాల చప్పుడు. మరమగ్గమును అచ్చటివారు సాంచా అందురు. మానేటి ఒడ్డున నున్న ఆ పట్టణమున వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టునది సాంచాయే. స్త్రీలు అనేకులు చాట ముందు పెట్టుకొని బీడీలు చుట్టుదురు. జగిత్యాలకు పడమట నున్న కోరుట్లలోను ఈ చాటలు కానవచ్చును. ఆ చుట్టుపట్ల పల్లెలలో తండ్రి దుబాయిలోనో మస్కట్టులోనో పనిచేయుచుండగా, తల్లి యొక్కతెయే ఇల్లు నడుపుకొను కుటుంబములు కొల్లలు. ఇట్టి యిండ్ల పిల్లలకు చదువు దొరకు చోటు బడి. 2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి వలన ఆ బడి మూతపడెను.

జూన్ నెల వచ్చినను తలుపులు తెరచుకొనలేదు. సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వము మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు గల పాఠములను దూరదర్శన్ యాదగిరి, టీశాట్ అను ఛానళ్లద్వారా ప్రసారము చేయింప మొదలిడెను. టీశాట్ మనకు క్రొత్తది కాదు. ‘మన టీవీ’ అను పేర అంతకు ముందే పాఠములు చెప్పుచుండిన సంస్థకు 2017లో పెట్టిన పేరది. టెలివిజను లేని పిల్లలను ఇరుగుపొరుగు ఇండ్లకో, గ్రామ పంచాయతీకో పంపి పాఠము చూపింపవలెనని ఉపాధ్యాయులకు ఉత్తరువులు వచ్చెను. సెల్‌ఫోను గలవారికి వాట్సాప్‌లో అభ్యాస పత్రములు పంపిరి.

పాఠము ఇల్లు చేరినది. అది పిల్లవానికి చేరినదా?

ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలికను మనస్సున ఊహించుకొనుడు. తెరమీద ఉపాధ్యాయుడు అకరణీయ సంఖ్యలను గూర్చి చక్కగా చెప్పుచున్నాడు. ఆ పాఠము తెలియవలెనన్న భిన్నములు ముందుగా వచ్చియుండవలెను. ఈ బాలికకు ఆరవ తరగతిలోనే భిన్నముల వద్ద తడబాటు కలిగినది. బడిలో నైనచో ఆమె ముఖము చూచి ఉపాధ్యాయుడు ఆగియుండును. లేదా ప్రక్కనున్న స్నేహితురాలు నోటుబుక్కు జరిపి చూపియుండును. తెర ఆగదు. అది ఆమెను చూడదు గదా! పైగా గోడకవతల సాంచాలు మ్రోగుచున్నవి. సెల్‌ఫోనులో మరల చూతమన్న, ఇంటికి ఉన్నది ఒక్కటే. దానిని తండ్రి పనికి తీసికొనిపోయినాడు.

విద్యను పరిశోధించువారు పట్టించుకొనినది సరిగా ఇట్టి చిక్కునే. సెల్‌ఫోను, కంప్యూటరు మూలమున ఇంటర్నెట్టుతో చెప్పు చదువును ఆన్‌లైన్ విద్య అందురు. యంత్రము చెప్పు పాఠమును, ఉపాధ్యాయుడు ఎదుట నిలిచి చెప్పు పాఠమును కలిపి నడపుటను మిశ్రమ విద్య అందురు. పేర్లు ఇటీవలివే కాని పని పాతది. తెలుగునాట దీని కథ 1975లోనే మొదలైనది.

ఆ సంవత్సరము ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికావారి ఉపగ్రహము ఒకదానిని ఎరవు తీసికొని, భారతదేశము ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు అందజేసెను. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ప్రొద్దుట బడిపిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు సేద్యము, ఆరోగ్యము మొదలగు విషయములు. అంతవరకు బొమ్మల పెట్టెను ఎరుగని పల్లెలవి. ఏడాది ముగిసిన పిదప పరిశోధకులు ఆ పిల్లలను పరీక్షించిరి. వారి భాష మెరుగైనది. క్రొత్త సంగతులు తెలిసికొనవలెనను ఆసక్తి పెరిగినది. బడి పరీక్షలలో మాత్రము వారు తక్కిన గ్రామముల పిల్లలకంటె ముందుకు పోలేదు. అదే కాలమున సుమారు 48,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చిరి. దానికి టెలివిజను ఒక్కటే చాలదని రేడియోను, అచ్చు పుస్తకములను, చేతులతో చేయు ప్రయోగములను జతచేసిరి. మిశ్రమ విద్య అను మాట పుట్టకముందే జరిగిన మిశ్రమ విద్య యిది.

1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. దేశమున ఇట్టివానిలో ఇదియే మొదటిది. 1991లో దీనికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు పెట్టిరి. దీని మొదటి ఉపాధ్యక్షుడు ఆచార్య జి. రాంరెడ్డి కరీంనగరు జిల్లావాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడును ఆనాడు ఆ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల వేరు జిల్లాలైనవి. పాఠములను పుస్తకరూపమున ఇంటికి పంపుటతో ఈ విశ్వవిద్యాలయము తృప్తి చెందలేదు. రేడియోలో పాఠములు చెప్పించెను. ఊరూర ఉన్న కళాశాలలలో అధ్యయన కేంద్రములు తెరచి, సెలవుదినములలో అధ్యాపకులను అచ్చట కూర్చుండబెట్టెను. పగలు కొలువు చేసికొనువాడు తనకు తెలియని సంగతిని అచ్చటికి పోయి అడుగవచ్చును. అడుగుటకు ఒక మనిషి ఉండవలెనను ఎరుక ఆ ఏర్పాటులో ఉన్నది.

ఇక కంప్యూటర్ల కాలమునకు వత్తము. అమెరికా ప్రభుత్వ విద్యాశాఖ 2009లో ఒక నివేదిక ప్రకటించెను. 1996 మొదలు 2008 వరకు జరిగిన వేయికి పైబడిన పరిశోధనలను వెదకి, గట్టివానిని ఏరి, వాని ఫలితములను కలిపి చూచిరి. ఎదుట నిలిచి చెప్పు చదువుకంటె మిశ్రమ విద్య కొంత మేలుగా కనబడెను. అయితే నివేదిక వ్రాసినవారే ఒక హెచ్చరిక చేసిరి. మిశ్రమ విద్య పొందినవారికి తరచు చదువుకొను సమయము ఎక్కువగా దొరకినది, పాఠ్యసామగ్రియు ఎక్కువే. కనుక మేలు అంతయు యంత్రము వలననే కలిగినదని తలపరాదనిరి. పైగా వారికి దొరకిన పరిశోధనలలో పాఠశాల పిల్లలను గూర్చినవి బహు కొద్ది. ఈ రెండవ మాటను మరచి ఆ నివేదికను ఉదాహరించినవారు చాలమంది కలరు.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున పల్లెబడుల పిల్లలకు ప్రభుత్వము చిన్న కంప్యూటర్లు పంచిపెట్టెను. 300కు పైగా బడులను పరిశీలించి చూడగా, గణితమునందు గాని భాషయందు గాని పిల్లల నేర్పు పెరుగలేదని తేలెను. యంత్రము వచ్చినది, పిల్లవానికి ఏమి రాదో దానికి తెలియదు.

ఢిల్లీలో జరిగిన ప్రయోగము కథ వేరు. కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ అను ముగ్గురు అర్థశాస్త్రజ్ఞులు దీనిని నడపి 2019లో ప్రకటించిరి. బడి వదలిన తరువాత పిల్లలు వచ్చి చదువుకొను కేంద్రములలో మైండ్‌స్పార్క్ అను కంప్యూటరు కార్యక్రమము ఉండెను. అది మొదట పిల్లవానిని ప్రశ్నలడిగి, వానికి ఎంతవరకు వచ్చునో కనుగొని, అచ్చటినుండి పాఠము మొదలుపెట్టును. తప్పు చేసినచో ఆ తప్పునకు తగిన ప్రశ్న మరల ఇచ్చును. దినమునకు 45 నిమిషములు కంప్యూటరు ముందు. మరి 45 నిమిషములు పదిపదిహేనుమంది పిల్లల గుంపులో ఉపాధ్యాయుని వద్ద.

ఈ ప్రయోగమున చేరగోరిన 619 మంది విద్యార్థులలో ఎవరికి ఈ చదువు ఉచితముగా దొరకవలెనో లాటరీ తీసి నిర్ణయించిరి. లాటరీ ఏల? ఇష్టపడి చేరినవారిని, చేరనివారిని పోల్చి చూచినచో, చేరినవారి పట్టుదల వలన వచ్చిన మార్కులను కూడ యంత్రము ఖాతాలో వ్రాయవలసివచ్చును. లాటరీకి పట్టుదల తెలియదు, సోమరితనము తెలియదు. రెండు గుంపులును సమానముగా ఏర్పడును. ఆ పిమ్మట కనబడు భేదము ఆ చదువు వలన కలిగినదే యగును. వైద్యులు క్రొత్త మందును పరీక్షించు పద్ధతియు ఇదియే.

మొదటి పరీక్షలోనే ఒక దిగులు గొలుపు సంగతి బయటపడెను. ఆరవ తరగతి పిల్లలు సగటున గణితములో తమ తరగతికి రెండున్నర తరగతులు వెనుకబడి యుండిరి. అనగా ఆరవ తరగతి పుస్తకము చేతబట్టిన పిల్లవాడు మూడు, నాలుగు తరగతుల లెక్కలవద్దనే ఆగియున్నాడు. లాటరీలో పేరు రానివారిలో వెనుకబడిన మూడవవంతు పిల్లలు బడికి పోవుచున్నను ఆ నెలలలో ముందుకు కదలనే లేదు. పేరు వచ్చినవారు నాలుగున్నర నెలలలో గణితమున సాధించిన అభివృద్ధి తక్కినవారి దానికి రెట్టింపును మించెను. హిందీలోను వారే ముందుండిరి. తక్కినవారితో పోల్చి లెక్కించినచో వెనుకబడినవారికి కలిగిన మేలు ఎక్కువ, కాని మార్కులలో పెరుగుదల అందరికిని ఇంచుమించు సమానమే. ఈ మేలులో యంత్రము పాలెంత, ఉపాధ్యాయుని పాలెంత అని ఈ ప్రయోగము విడదీయలేదు. పెరూకును ఢిల్లీకిని కంప్యూటరులో భేదము లేదు. ఢిల్లీలో పాఠము పిల్లవానిని అడిగి మొదలైనది.

కరోనా నాటికి మన పల్లెలలో ఇట్టి చదువునకు కావలసిన సాధనము ఎందరి యిండ్లలో ఉండెను? అసర్ అను సర్వేవారు 2020 సెప్టెంబరులో దేశమందలి పల్లెలకు ఫోనులు చేసి అడిగిరి. 2018లో బడిపిల్లలలో నూటికి సుమారు 36 మంది ఇండ్లలో స్మార్ట్‌ఫోను ఉండగా, 2020 నాటికి ఆ సంఖ్య 62కు చేరెను. మరుసటి యేడు అది 67 దాటెను. కాని ఇంట ఫోను ఉన్న పిల్లలలో నాల్గవవంతు మందికి అది చేతికి దొరకదనియు అప్పుడే తెలిసెను. సాంచాకు ఫోను తీసికొనిపోయిన తండ్రిని ఇందాక తలచుకొంటిమి గదా.

ఆఫ్రికాలోని బోట్స్‌వానా దేశమున ఇదే కాలమున స్మార్ట్‌ఫోను అక్కరలేకయే ఒక ప్రయోగము చేసిరి. బడులు మూసిన సమయమున సుమారు 4,500 కుటుంబములను ఎన్నుకొని మూడు గుంపులు చేసిరి. ఒక గుంపువారికి వారమువారము మామూలు ఫోనునకు లెక్కలు సందేశముగా పంపిరి. రెండవ గుంపువారికి సందేశముతో పాటు ఉపాధ్యాయుడు ఫోను చేసి, తల్లిదండ్రుల ఎదుట పిల్లవానితో ఆ లెక్కను చేయించెను. ఇరువది నిమిషములకు మించని మాట అది. మూడవ గుంపువారికి ఏమియు లేదు. సందేశము మాత్రమే అందినవారి చదువులో నిలకడగా చెప్పదగిన మార్పు కానరాలేదు. ఫోను అందుకొన్నవారు లెక్కలలో ముందడుగు వేసిరి.

మన ఉపాధ్యాయులకును ఆ సంవత్సరము పిల్లలకు ఫోను చేసి పాఠము తెలిసినదా అని అడుగు పని ఉండెను. తండ్రి దుబాయినుండి రాత్రివేళ వీడియోలో పలుకరించు ఇంటిలో ఫోను క్రొత్త వస్తువు కాదు. ఫోనులో బడిపంతులు గొంతు వినబడుటయే క్రొత్త.

ఎనిమిదవ తరగతివారికి 2021 ఫిబ్రవరి 24న బడి తెరచిరి. వ్యాధి మరల విజృంభింపగా సరిగా నెలదినములకు, మార్చి 24న, మూసిరి. పరీక్షలు లేకయే అందరిని పై తరగతికి పంపిరి. సెప్టెంబరు 1న తలుపులు తెరచినప్పుడు ఆ పిల్లలు తొమ్మిదవ తరగతి బల్లలమీద కూర్చుండిరి. ఆరవ తరగతిలో భిన్నములు అందనివారు వానిని అందుకొనకయే వచ్చి కూర్చుండిరి.