విదేశములో ఆర్థికరంగ ఉద్యోగము : బయలుదేరుటకు ముందు వేయవలసిన లెక్క

మన గ్రామములలో బి.కాం., ఎం.బి.ఏ. పట్టములు పొందిన యువతీయువకులు అనేకులు నేడు లండను, దుబాయి, న్యూయార్కు వంటి నగరములలోని బ్యాంకులలోను, ఆడిట్ సంస్థలలోను ఉద్యోగము సంపాదింపవలెనని కోరుచున్నారు. ఈ కోరిక మెచ్చదగినదే. కాని దానికై తండ్రి పొలము, తల్లి నగలు తాకట్టునకు పోవునప్పుడు కోరికతోపాటు లెక్కయు ఉండవలెను. ఇతరుల పద్దులు సరిచూచు విద్య నేర్చినవారు తమ ప్రయాణపు పద్దునే వ్రాసికొనకుండుట తగదు. కావున ఇంగ్లండును ఉదాహరణముగా గైకొని, ఆ లెక్క వేయు విధమును ఇచట వివరించెదము.

నెలల లెక్క

ఒక రైతు కుమారుడు ఫైనాన్సులో ఎం.ఎస్‌సి. చదువుటకు సెప్టెంబరులో లండను చేరెననుకొందము. అచట ఆ చదువు సాధారణముగా 1 సంవత్సరము. చదువు కాలములో, తరగతులు జరుగు దినములలో, వారమునకు 20 గంటలకు మించి పని చేయరాదు. చదువు ముగించినవారు అచటనే ఉండి పని వెదకుకొనుటకు గ్రాడ్యుయేట్ వీసా అను ఏర్పాటు 2021 జూలైలో ఆరంభమైనది. దాని గడువు తొలుత 2 సంవత్సరములుగా నిర్ణయింపబడినది. 2027 జనవరి 1 మొదలు దరఖాస్తు చేయువారికి, పిహెచ్.డి. వారికి తప్ప, 18 నెలలే లభించును. ఆ గడువును పొడిగింపరు.

అటుపిమ్మట ఉద్యోగములో నిలువవలెనన్న స్కిల్డ్ వర్కర్ వీసా పొందుట సాధారణ మార్గము. ప్రభుత్వ లైసెన్సు గల యజమాని ధ్రువపత్రము ఇచ్చినగాని అది రాదు. 2025 జూలై 22 నుండి అమలులోనికి వచ్చిన నియమము ప్రకారము సాధారణ కనీస వార్షిక జీతము 41,700 పౌండ్లు. క్రొత్తగా చదువు ముగించినవారికి కొన్ని షరతులపై 33,400 పౌండ్లు. ఆయా వృత్తికి నిర్ణయించిన రేటును కూడ అధికారులు చూచెదరు. ఈ అంకెలు మారుచుండునవి గనుక దరఖాస్తు చేయునాటికి బ్రిటిషు ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూచుకొనవలెను.

అదను తప్పరాదు

వాన పడిన పిమ్మట విత్తనములకై బయలుదేరు రైతునకు అదను తప్పును. ఉద్యోగ విషయమునను ఇంతే. లండనులోని పెద్ద బ్యాంకులు, ఆడిట్ సంస్థలు మరుసటి సంవత్సరము చేరవలసిన పట్టభద్రులకై ఈ సంవత్సరము సెప్టెంబరు ప్రాంతముననే దరఖాస్తులు స్వీకరింప మొదలిడును. పెక్కు సంస్థలు వచ్చిన దరఖాస్తులను వచ్చినట్లే పరిశీలించి, స్థానములు నిండగనే తలుపు మూయును. అనగా మన విద్యార్థి విమానము దిగిన నెలయే దరఖాస్తుల నెల. "మొదట చదువు, పిదప ఉద్యోగము" అనుకొన్నవాడు మొదటి అదనును పోగొట్టుకొనును.

కావున జీవిత వివరపత్రమును ఇంటి వద్దనే సిద్ధము చేసికొనవలెను. అది ఒకటి రెండు పుటలకు మించరాదు. మన అలవాటు ప్రకారము అందు ఫోటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, వివాహ విషయము వ్రాయ నవసరము లేదు. చేసిన పని వ్రాయవలెను. గ్రామ సహకార సంఘము పద్దులలో తేడాను కనుగొని సరిచేసితివా? పాల కేంద్రము చెల్లింపుల లెక్కను కంప్యూటరులో ఎక్కించితివా? అవి చిన్న పనులని సిగ్గుపడి దాచవలదు. "నీవు స్వయముగా ఏమి చేసితివి?" అనునదియే అచటి ఇంటర్వ్యూలలో తరచుగా వచ్చు ప్రశ్న.

వృత్తి పరీక్షలు

పట్టముతోపాటు వృత్తి పరీక్ష ఉన్న మేలు. ఏ.సి.సి.ఏ.లో 13 పరీక్షలు కలవు. బి.కాం. వంటి చదువు గలవారికి కొన్నింటినుండి మినహాయింపు లభింపవచ్చును. సభ్యత్వమునకు 36 నెలల అనుభవము కావలెను. సి.ఎఫ్.ఏ.లో 3 మెట్లు కలవు. మొదటి మెట్టును పట్టము చేతికి రాకమునుపే, చివరి 23 నెలలలో వ్రాయవచ్చును. ఈ రెండు పరీక్షలును మన దేశముననే ఉండి వ్రాయవచ్చును.

అప్పు లెక్క

విద్యకై 30 లక్షల రూపాయలు నూటికి ఏటా 10 వంతున అప్పు చేసితిమనుకొందము. ఏటికి వడ్డీ 3 లక్షలు, నెలకు 25,000. మన బ్యాంకుల మాదిరి విద్యారుణ పథకములో చదువు కాలము, ఆపై 1 సంవత్సరము వాయిదాలకు విరామము కలదు. విరామము వాయిదాలకే గాని వడ్డీకి కాదు. 2 సంవత్సరములలో బారువడ్డీ 6 లక్షలై, బాకీ 36 లక్షలగును. దానిని 10 సంవత్సరములలో తీర్చుటకు నెలకు సుమారు 47,500 రూపాయలు చెల్లింపవలెను.

ఇప్పుడు తల్లిదండ్రులు, బిడ్డ కలసి కూర్చుండి ఒక్క ప్రశ్న వేసికొనవలెను: గడువులోగా అచట ఉద్యోగము దొరకక తిరిగి వచ్చినచో, ఇచట వచ్చు జీతముతో ఈ వాయిదా కట్టగలమా? కట్టగలమన్న ధైర్యముగా సాగవచ్చును. కట్టలేమన్న అప్పు తగ్గింపవలెను, లేదా ప్రయాణమును కొంతకాలము ఆపవలెను. అప్పును లండను జీతముతో కాక, తిరిగి వచ్చిననాటి జీతముతో కొలుచుటయే ఈ పాఠములోని సారము.

ఆగుట ఓటమి కాదు

హైదరాబాదులో హెచ్.ఎస్.బి.సి., వెల్స్ ఫార్గో, జె.పి. మోర్గాన్ వంటి విదేశ బ్యాంకుల కార్యాలయములు కలవు. గోల్డ్‌మన్ శాక్స్ 2021లో తన కార్యాలయమును ఇచట తెరచినది. అందు రెండు మూడు సంవత్సరములు పని చేసి, ఒక వృత్తి పరీక్షయు పూర్తి చేసినవాడు అనుభవము లేని పట్టభద్రునికంటె బలమైన అభ్యర్థి. అతని చేతిలో కొంత సొమ్మును నిలుచును. అప్పు ఆ మేరకు తగ్గును.

దళారుల విషయము

స్పాన్సరు ధ్రువపత్రమును వెలకు ఇప్పింతుమని చెప్పువానిని నమ్మరాదు. లైసెన్సు గల యజమానుల జాబితాను బ్రిటిషు ప్రభుత్వము ఉచితముగా ప్రకటించుచున్నది. మన దేశములో 1983 వలస చట్టము ప్రకారము విదేశ ఉద్యోగములకు మనుషులను కుదుర్చు ఏజెంటు రిజిస్ట్రేషను పొందియుండవలెను. అభ్యర్థినుండి వసూలు చేయు రుసుమునకు ఆ చట్టపు నియమములలో పరిమితి కలదు. ఏజెంటు పేరును కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూచిన పిదపనే మాటలాడవలెను. రశీదు లేని రూపాయి ఇవ్వరాదు.

ఒక కాగితముపై నాలుగు సంగతులు వ్రాయుడు: వీసా నెలలు, దరఖాస్తుల తేదీలు, అప్పు వాయిదా, తిరిగి వచ్చినచో దొరకు జీతము. ఆ కాగితము ఇంటిల్లిపాదికిని అర్థమైన పిదప ప్రయాణపు టిక్కెట్టు కొనవచ్చును.