వ్రేలాడు సంచియా, నిలువు సంచియా?

ప్రశ్న: అద్దె యింటి రెండవ అంతస్తులో నున్నాము. 14 ఏండ్ల మా అమ్మాయి బాక్సింగు నేర్చుచున్నది. ఆమెకు ఏ రకపు పంచింగ్ బ్యాగు కొనవలెను?

జవాబు: ముష్టిఘాత విద్యకు వ్రేలాడు సంచియే ఉత్తమమని నా దృఢాభిప్రాయము, ఏలయన, దెబ్బ తగిలినంతనే వెనుకకు తూగి మరల మీదికి వచ్చు ఆ సంచి యెదుట, దూరమును కనిపెట్టుట, పాదములను కదలించుట, అదను చూచి కొట్టుట అను మూడును అభ్యాసికి క్రమముగా అలవడును. సంచి బరువు శరీరభారములో సుమారు సగముండుట వాడుక. 40 కిలోల బాలికకు 20 కిలోలు చాలును. అయితే ఊగుచున్న సంచి కప్పుపై మోపు భారము దాని తూకమునకు మించియుండుననియు, ఆ కుదుపు ప్రతి దెబ్బకును పునరావృతమగుననియు మరువరాదు. నాలుగైదు కిలోల ఫ్యానును మోయుటకై అమర్చిన కొక్కెమునకు దానిని తగిలించువారు కలరు. అది మిక్కిలి అపాయకరము. దూలమునకో, గట్టి కాంక్రీటు కప్పునకో యాంకరు బోల్టులతో ప్రత్యేకముగా బిగింపవలెను. అందులకు ఇంటి యజమాని సమ్మతియు, చుట్టును తగినంత ఖాళీయు కావలెను.

మీకు ఇవి దుర్లభములు గనుక నిలువు సంచినే కొనుడు. దాని పీఠమును నీటితో గాక పొడి ఇసుకతో నింపుడు. అంతే పరిమాణముగల ఇసుక నీటికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు తూగును. అడుగున దళసరి రబ్బరు చాప పఱచినచో పీఠము జారదు, క్రింది వాటావారికి చప్పుడును తగ్గును. చేతిపట్టీలును, గ్లౌజులును లేక అమ్మాయిని ఒక్క గుద్దైనను గుద్దనీయకుడు.