ముందు చూడనివ్వండి

పిల్లలకు ఒక ఫొటో చూపించగానే మనం దాని కథ చెప్పేస్తాం. "పాపం, పేదవాళ్లు. తిండికి లేక వలస వచ్చారు" అంటాం. అంతటితో పిల్లలు చూడటం మానేసి వినడం మొదలుపెడతారు. ఈసారి కాసేపు ఏమీ చెప్పకండి.

1936 మార్చిలో ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠానీ కోత కూలీల శిబిరంలో తీసిన 'మైగ్రెంట్ మదర్' ఫొటో ఇంటర్నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది. పేరు చెప్పకుండా పిల్లల ముందు పెట్టండి. "అమ్మ బాధపడుతోంది" అంటారు. "ఏం చూసి అలా అనిపించింది, నాన్నా?" అని అడగండి. అసలు చూడటం అప్పుడే మొదలవుతుంది. నుదుటి మీద ముడతలు, చెంపకు ఆనీ ఆనని చెయ్యి, చివికిపోయిన చొక్కా చెయ్యి, మనల్ని దాటి ఎటో చూస్తున్న కళ్లు. ఒళ్లో పసిబిడ్డ ఉందని కొందరు చాలాసేపటికి గానీ గమనించరు. తొందరపెట్టకండి. అటూ ఇటూ ఉన్న పిల్లలిద్దరూ మొహాలు తిప్పుకుని తల్లి భుజాలకు ఆనుకున్నారు. "వాళ్లూ మనవైపే చూస్తూ ఉంటే మన చూపు ఎవరి మీద నిలిచేది?" అని అడగండి. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది.

లాంగ్ ఆ రోజు ఇంకా కొన్ని ఫొటోలు తీశారు. దూరం నుంచి తీసినవాటిలో గుడారం, పెద్దమ్మాయి కూడా కనిపిస్తారు. రెండూ పక్కపక్కన పెడితే, దగ్గరికి వచ్చేకొద్దీ ఏవేవి ఫొటోలోంచి తప్పుకున్నాయో పిల్లలే చెబుతారు. దగ్గరి ఫొటోలో గుడారం గుంజను పట్టుకున్న ఒక బొటనవేలిని లాంగ్ తర్వాత నెగెటివ్‌లో చెరిపించారు కూడా.

ఫొటో వెంట వచ్చే మాటలను చివరికి ఉంచండి. ఈ కుటుంబం తిండి కోసం కారు టైర్లు అమ్ముకుందని లాంగ్ రాశారు. అది నిజం కాదని ఆ కుటుంబం తర్వాత చెప్పింది. 32 ఏళ్ల ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఫొటో పత్రికలో వచ్చాక శిబిరానికి ఆహారం పంపారు, కానీ అప్పటికే వాళ్లు అక్కడి నుంచి వెళ్లిపోయారు. "టైర్లు అమ్మిన సంగతి ఈ ఫొటోలో ఎక్కడుంది?" అని అడిగి చూడండి. ఫోన్‌కు వచ్చే ప్రతి ఫొటో కింది రాతనూ పిల్లలు ఇలాగే నిలదీయాలి. అందుకే ఈ అలవాటు చిన్నప్పుడే కావాలి.

ఈ ఆదివారం ఇంట్లో ఉన్న పాత పెళ్లి ఫొటో తీయండి. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు లేరు, తీసిందెవరు అని పిల్లలను అడగండి. జవాబు మీకూ తెలియకపోతే ఊహించి చెప్పకండి. అందరూ కలిసి అమ్మమ్మనో నానమ్మనో అడగండి.