నీలగిరి తోపులో కట్టెల లెక్క

చిరంజీవి మేనకోడలికి,

విదురాశ్వత్థం చుట్టుపక్కల నీలగిరి తోపుల్లో పిలకలు పలచన చేశాక మిగిలే కట్టె ఏడాదికి ఎన్ని టన్నులు ఉంటుందో, శిడ్లఘట్టలో పట్టుగూళ్ళు ఉడికించే రీలింగువాళ్ళకు అది అక్కరకొస్తుందో లేదో తేల్చాలన్నావు. మంచి ప్రశ్నే. కానీ తోపుల విస్తీర్ణాన్ని ఒక అంకెతో గుణించి పంపిన నీ పట్టీ పనికిరాదు.

నీలగిరి మన చిక్కబళ్ళాపురం జిల్లాకు పాత చుట్టమే. టిప్పు సుల్తాను 1790 ప్రాంతంలో నందికొండ మీద నాటించాడంటారు. ఆ కొండ చెట్ల సంతతే మైసూరు గమ్ పేరుతో దేశమంతా పాకింది. 1980లలో సామాజిక అడవుల పథకం వచ్చాక పాత కోలారు జిల్లాలో రాగి చేలు కూడా తోపులయ్యాయి. లావు దుంగలు హరిహర్ గుజ్జు మిల్లు దాకా పోయేవి.

చెట్టు కొట్టాక మోడు నుంచి గుబురుగా పిలకలు లేస్తాయి. ఏడాది రెండేళ్ళకు మోడుకు రెండో మూడో ఉంచి తక్కినవి తీసేస్తారు. మళ్ళీ కోత ఏడెనిమిదేళ్ళకు. అంటే ఒక తోపు ఈ కట్టెను కోతకోతకూ నడుమ ఒక్కసారే ఇస్తుంది. నువ్వేమో మొత్తం తోపులను ఏటా లెక్కేశావు! అందులో ఏడో వంతో ఎనిమిదో వంతో తీసుకోవాలి.

ఇక తోపులో దిగు. 20 మీటర్ల చదరం తాడుతో కట్టు. అది 400 చదరపు మీటర్లు, హెక్టారులో ఇరవై ఐదో వంతు. ఎక్కడ కట్టాలో ఇంట్లోనే పటం మీద గుర్తు పెట్టుకో, లేకపోతే కాళ్ళు గుబురుగా ఉన్న చోటికే లాగుతాయి. చచ్చిన మోళ్ళనూ లెక్కపెట్టు. తీసిన పిలకల ఆకు దూసి, మోపులు కట్టి తూకం వెయ్యి. మొదలు, నడుమ, కొస నుంచి తలా ఒక ముక్క కోసి అక్కడే తూచి, కాలేజీ ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టు. పచ్చికట్టెలో ఇంచుమించు సగం నీళ్ళే. చదరానికి 90 కిలోలు వచ్చిందనుకో, హెక్టారుకు 2,250 కిలోలు, ఎండితే 1,125. పేర్చిన కట్టెను ఘనమీటర్లలో కొలవకు, వంకర పుల్లల మధ్య గాలే ఎక్కువ.

ఆ 1,125 కూడా నీ చేతికి రాదు. దూసిన ఆకుతోపాటు సన్న రెమ్మలూ నేల సారానికి వదలాలి. ఆపైన మోపులు మోసుకెళ్ళే ఆడవాళ్ళున్నారు. గ్యాస్ వచ్చినా స్నానాల నీళ్ళు కాగేది కట్టెల మీదే. ఏ నెలలో ఎన్ని మోపులు తీసుకెళ్తారో వాళ్ళనే అడిగి, ఆ వాటా ముందే తీసేయి. ఈ పని ఎవరూ చెయ్యరు, అందుకే కాగితం మీద మిగులు ఎప్పుడూ ఎక్కువ కనిపిస్తుంది. మిగిలినదాన్ని చిక్కబళ్ళాపురం దాటించి శిడ్లఘట్ట చేర్చే బాడుగ కూడా కలుపు. ఆ ఖర్చు దగ్గరే కొన్ని తోపులు లెక్కలోంచి రాలిపోతాయి.

ఇంకొకటి. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. కాబట్టి మోళ్ళు పెకలించిన పొలాలు ఇక లెక్కలోకి రావు. ఈ ఏటి అంకెను పదేళ్ళకు సాగదీయకు.

తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, రెండూ రాసి పంపు. రీలింగువాళ్ళకు మాత్రం తక్కువ అంకే చెప్పు.