స్టేడియం ఖర్చు ఎవరు భరించాలి?

ముదిగుబ్బలో కూర్చుని గ్రూప్స్‌కు చదివేవారికి ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ పక్కనే ఉంది. అనంతపురం క్రీడా గ్రామాన్ని నిర్మించింది ప్రభుత్వం కాదు, 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ). రఫెల్ నాదల్ ఫౌండేషన్ తోడ్పాటుతో 2010లో అక్కడ టెన్నిస్ పాఠశాల మొదలైంది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ 6 మ్యాచ్‌లలో 5 అక్కడే జరిగాయి. పల్లె పిల్లల కోసం కట్టిన మైదానానికే జాతీయ టోర్నీ నడిచి వచ్చింది. ఈ వరుస చాలా ముఖ్యం.

హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియం దారి వేరు. 2002 జాతీయ క్రీడల కోసం ప్రభుత్వమే దాన్ని కట్టించింది.

ఇక రాజ్యాంగపరంగా చూస్తే, క్రీడలు రాష్ట్ర జాబితాలోని 33వ అంశం (ఏడో షెడ్యూలు). కేంద్రం ఖేలో ఇండియా పథకం ద్వారా నిధులిస్తుంది. ఇక క్రికెట్ బోర్డు బీసీసీఐ 12వ అధికరణ కింద ‘రాజ్యం’ కాదని జీ టెలిఫిల్మ్స్ కేసులో (2005) సుప్రీంకోర్టు తేల్చింది. అయితే అది ప్రజా విధులు నిర్వర్తిస్తుంది కనుక 226వ అధికరణ కింద హైకోర్టులో ప్రశ్నించవచ్చని 2015లో చెప్పింది. ఈ రెండు తీర్పులనూ కలిపే గుర్తుంచుకోండి, తికమక పెట్టే ప్రశ్న ఇక్కడే వస్తుంది.

అమెరికా ఆర్థికవేత్తలు రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ 1997లో సంకలనం చేసిన పుస్తకం, వృత్తి జట్ల స్టేడియాలు స్థానిక ఆదాయాన్ని, ఉపాధిని చెప్పుకోదగ్గంత పెంచవని చూపింది. కాబట్టి లాభాల్లో ఉన్న లీగ్ గ్యాలరీలకు పన్నుల సొమ్ము పోయనక్కర్లేదు. మండలానికొక మైదానం, ఒక కోచ్ కోసమైతే తప్పక ఖర్చు చేయాలి. మెయిన్స్ జవాబులో ఈ తేడా స్పష్టంగా రాయండి.